అడవి పాఠం కూడా టైంటేబుల్‌లో ఉండాలి



పోయిన సంచికలో "మన బడికి ఇంకా ఏమి కావాలి?" అని శీర్షిక పెట్టి అందరినీ రాయమన్నారు. చాలామంది బాగా రాశారు. బాత్‌రూముల దారిలో లైటు కావాలని ఒకరు, లైబ్రరీ బీరువా తాళం వారానికి రెండుసార్లైనా తీయాలని ఒకరు, చలికాలంలో వేడినీళ్లు కావాలని ఒకరు రాశారు. ఇవన్నీ నాకూ కావాలి, ముఖ్యంగా లైటు. కాని ఎవరూ అడగనిది ఒకటి మిగిలిపోయింది. అది నేను అడుగుతాను. మనకు అడవి పాఠం కావాలి. లెక్కలకు, సైన్సుకు ఉన్నట్టే దానికీ టైంటేబుల్‌లో ఒక గడి ఉండాలి.

నవ్వకండి. "అడవిలో పుట్టినవాళ్లకు అడవి పాఠమేమిటి, చేపపిల్లకు ఈత నేర్పుతారా?" అని మా డార్మిటరీలో అప్పుడే నవ్వారు. పోయిన ఆగస్టు వరకు నేను కూడా అలాగే అనుకున్నాను. ఆ ఆగస్టులో ఏమి జరిగిందో మీ అందరికీ తెలుసు. అయినా ఇంకోసారి చెప్తాను. ఎందుకంటే ఆ రోజు సంగతి అందరూ ఒక రకంగా చెప్పుకుంటున్నారు, నాకు మాత్రం ఇంకో రకంగా కనపడింది.

ఆరో తరగతి చెల్లి ఒకతె జూన్‌లో మన హాస్టల్‌లో చేరింది. పేరు రాయను, ఇప్పటికే చాలామంది ఆ పిల్లను ఏడిపించారు. చేరిన దగ్గర్నుంచి రాత్రిపూట దుప్పటి కప్పుకొని ఏడుస్తూ ఉండేది. నా మంచం తన మంచానికి మూడోది. నాకు వినపడేది. రెండు మూడుసార్లు "ఏడవకే, అలవాటవుతుంది" అన్నాను. అంతకంటే ఏమీ చేయలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఉతుకుతానని వెనక గేటు దాటి వెళ్లి, అటునుంచి అటే ఇంటిదారి పట్టింది. వాళ్ల ఊరు రెండు కొండల అవతల. నాలుగు గంటలకు వాన మొదలైంది. సాయంత్రం హాజరులో ఒకరు తక్కువ.

వెతకడానికి ఇద్దరు సార్లు, వాచ్‌మెన్ తాత, వంట అక్క బయలుదేరారు. పిల్ల మమ్మల్ని చూస్తే బయటికి వస్తుందని తొమ్మిదో తరగతి వాళ్లం ఇద్దరం కూడా వెంట వెళ్లాం. చేతిలో టార్చిలైటు ఉంది. అయినా పావుగంట నడిచేసరికి బడి ఏ వైపు ఉందో నాకు తెలియలేదు. నిజంగా తెలియలేదు. వాన శబ్దంలో అన్ని చెట్లూ ఒకేలా ఉన్నాయి. చెప్పులు బురదలో ఇరుక్కుపోయాయి. పక్కనున్న స్నేహితురాలి చున్నీ పట్టుకొని నడిచాను. వంట అక్క మాత్రం టార్చిలైటు కూడా లేకుండా ముందు నడిచింది. ఒకచోట ఒంగి, పడుకున్న గడ్డిని చూసి, "పిల్ల ఇటే వెళ్లింది" అన్నది. ఆ అక్క మన కోసం రోజూ అన్నం వండుతుంది. తనకు ఇంత తెలుసునని నాకు ఏడేళ్లుగా తెలియదు.

చెల్లి గెడ్డకు ఇవతల గట్టు మీద, ఎత్తైన బండ పైన కూర్చుని ఉంది. ఉతికిన బట్టల మూట తల మీద పెట్టుకుంది. కింద గెడ్డ ఎర్రగా, హోరుమని పోతోంది. సారు కోపంగా "గెడ్డ ఎందుకు దాటలేదే?" అని అడిగారు. అంటే, దాటి ఉంటే ఏమయ్యేదో తలచుకొని అడిగారు. చెల్లి ఇలా చెప్పింది.

"ఎర్రనీరు వచ్చినప్పుడు గెడ్డ దాటకూడదని మామ్మ సెప్పింది సార్. దారి తెలీకపోతే తిరగకూడదు, ఒక్కచోటే కూకోవాలని సెప్పింది."

"భయమెయ్యలేదా? ఏడవలేదా?" అన్నాను నేను.

"ఏడిసాను. ఏడిసి ఊరుకున్నాను" అన్నది.

అక్కలారా, ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. మన తెలుగు వాచకంలో ధైర్యం, స్థైర్యం, నిబ్బరం అని చాలా పదాలు ఉన్నాయి. వాటన్నిటికీ సొంతవాక్యాలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. నిబ్బరం అంటే ఏమిటో మాత్రం ఆ రాత్రి ఆ బండ దగ్గర తెలిసింది. ఏడవకపోవడం నిబ్బరం కాదు. ఏడ్చి, ఊరుకుని, తర్వాత ఏమి చేయాలో గుర్తు తెచ్చుకోవడం నిబ్బరం.

ఇప్పుడు నా సంగతి ఒప్పుకుంటాను. ఆ చెల్లి స్థానంలో నేను ఉంటే గెడ్డలో దిగేదాన్ని. ఎండాకాలం ఆ గెడ్డలోనే మనం బట్టలు ఉతుకుతాం, నీళ్లు మోకాళ్ల వరకే. "నాలుగడుగులే కదా అక్కా" అని ఆ రాత్రి వంట అక్కతో అన్నాను కూడా. అక్క ఏమీ అనకుండా ఒక కొమ్మ విరిచి నీళ్లలో వేసింది. అది ఎటు పోయిందో చూసేలోపే లేదు. నేను మూడో తరగతి నుంచి హాస్టల్‌లో ఉన్నాను. చదువులో మొదటి ఐదుగురిలో ఉంటాను. ఆ చెల్లి జూన్ వరకు ఊళ్లో వాళ్ల మామ్మ దగ్గర ఉంది. బతికే ఉపాయం తనకు తెలిసింది, నాకు తెలియలేదు. చేపపిల్లను ఏడేళ్లు గాజుసీసాలో పెడితే ఈత మర్చిపోతుంది కాబోలు.

ఆ మరునాటి నుంచి వెనక గేటుకు తాళం పడింది. ఆదివారం కొండ దగ్గరికి వెళ్లడం ఆగిపోయింది. వార్డెన్ మేడమ్ గారి మీద నాకు కోపం లేదు. ఆ రాత్రి మేడమ్ గారు వరండాలో నిలబడి ఏడవడం నేను చూశాను. పిల్లకు ఏమైనా అయితే అమ్మానాన్నలకు సమాధానం చెప్పవలసింది ఆమే. ఆమె భయం న్యాయమైనదే. కాని తాళం మనల్ని పదో తరగతి వరకే కాపాడుతుంది. దసరాకు, సంక్రాంతికి, వేసవికి మనం ఇళ్లకు పోతాం. అక్కడ గేటు లేదు, తాళం లేదు. గెడ్డ ఉంది, పాము ఉంది, పిడుగు ఉంది. బడి మనల్ని అడవి నుంచి కాపాడుతూ పోతే, సెలవుల్లో అదే అడవిలోకి ఏమీ తెలియని వాళ్లుగా పంపినట్టు అవుతుంది.

వేసవి సెలవుల్లో నాకు జరిగిన ఇంకో సంగతి చెప్తాను. మా అమ్మమ్మతో దుంపలకు వెళ్లాను. నాకంటే మూడేళ్లు చిన్నదైన మా మేనమామ కూతురు కూడా వచ్చింది. ఒక తీగను చూపించి "ఇది తినేదా, కాదా?" అని అమ్మమ్మ అడిగింది. నాకు తెలియలేదు. చిన్నది చటుక్కున "చేదు దుంప" అన్నది. దాన్ని పలుచగా కోసి, బుట్టలో పెట్టి, పారే నీళ్లలో ఉంచి, చేదు పోయిన తర్వాత ఉడకబెట్టి తినాలి. ఊరికే ఉడికించి తింటే జబ్బు చేస్తుంది. నాకు అప్పుడే మన సైన్సు పాఠం గుర్తొచ్చింది, నీళ్లలో కరిగే పదార్థాలు, కరగని పదార్థాలు అని. అమ్మమ్మ ఆ పాఠం చదవలేదు, కాని ఆ ప్రయోగం ఏటేటా చేస్తోంది. మనం పాఠం చదివాం, ప్రయోగం చేయలేదు. రెండూ ఒకచోట కలిస్తే ఎంత బాగుంటుంది!

"ఇదంతా పల్లెటూరి గొడవ, పెద్ద బడుల్లో ఇలాంటివి ఉండవు" అని కొందరు అనవచ్చు. అది తప్పు. పెద్ద దేశాల్లోనే దీన్ని బడిగా పెట్టారు. మన సోషల్ టీచర్ చెప్తే నేను రాసిపెట్టుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్ ఓడలను జర్మనీ వాళ్లు సముద్రంలో ముంచేవారు. చిన్న పడవల్లో మిగిలిన నావికుల్లో వయసులో ఉన్న బలమైన కుర్రవాళ్లు ముందు ఆశ వదులుకొని చనిపోతున్నారని, ముదురు నావికులు తట్టుకొని బతుకుతున్నారని ఓడల కంపెనీ యజమాని లారెన్స్ హోల్ట్ బాధపడ్డాడు. కండబలం ఉంటే చాలదని, కష్టంలో నిలబడటం ముందుగా అలవాటు కావాలని అనుకున్నాడు. కర్ట్ హాన్ అనే పంతులుగారితో కలిసి 1941లో వేల్స్ దేశంలోని అబర్‌డోవీలో ఒక బడి పెట్టారు. ఆ హాన్ గారు హిట్లర్‌ను ఎదిరించి జైలుకు వెళ్లి, జర్మనీ వదిలి వచ్చిన మనిషి. ఆ బడి పేరు అవుట్‌వర్డ్ బౌండ్. కొండలెక్కడం, పడవ నడపడం, ఆపదలో ఉన్నవాళ్లను కాపాడటం అక్కడి పాఠాలు. ఇప్పుడు అది చాలా దేశాల్లో ఉంది.

మన దేశంలోనూ ఉంది. 1953లో టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు ఎక్కారు. ఆ మరుసటి సంవత్సరమే, 1954లో, డార్జిలింగ్‌లో పర్వతారోహణ శిక్షణ సంస్థ పెట్టి టెన్సింగ్ గారినే శిక్షణకు పెద్దగా నియమించారు. అరవై ఏళ్ల తర్వాత ఆ డార్జిలింగ్‌కే మనలాంటి హాస్టల్ పిల్లలు వెళ్లారు. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి మాలావత్ పూర్ణ అక్క లంబాడీ పిల్ల. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివేది. ముందు భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకొని ఎక్కడం నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్ చలి. 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడింది. అప్పటికి తనకు పధ్నాలుగేళ్లు నిండలేదు. ఖమ్మం జిల్లా నుంచి సాధనపల్లి ఆనంద్ కుమార్ అన్న కూడా అదే రోజు ఎక్కాడు. పూర్ణ అక్క అక్కడితో ఆగలేదు, 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలూ ఎక్కింది.

మన గోడ మీద పూర్ణ అక్క బొమ్మ వేసి రంగులు దిద్దాం. సంతోషం. కాని దూరపు కొండలు నునుపు అన్నట్టు, మనం ఎవరెస్టును చూస్తున్నాం, భువనగిరి గుట్టను చూడటం లేదు. ఒక్కసారిగా ఎవరినీ ఎవరెస్టు మీద నిలబెట్టలేదు. ముందు చిన్న గుట్ట, తర్వాత పెద్ద కొండ, ఆ తర్వాత మంచు. మన వెనక ఉన్న కొండే మన భువనగిరి. దానికి ఇప్పుడు తాళం వేసి ఉంది.

ఇంకొక కథ కూడా చెప్పాలి. ఇది దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో జరిగింది. 2023 మే 1న ఒక చిన్న విమానం అమెజాన్ అడవిలో కూలిపోయింది. పెద్దవాళ్లు ముగ్గురూ చనిపోయారు. అందులో ఒకరు పిల్లల తల్లి. నలుగురు పిల్లలు మిగిలారు. వాళ్లు ఉయిటోటో అనే ఆదివాసీ తెగ పిల్లలు. పెద్దది పదమూడేళ్ల ఆడపిల్ల, చిన్నది ఏడాది నిండని పసిబిడ్డ. నలభై రోజుల తర్వాత, జూన్ 9న, నలుగురూ ప్రాణాలతో దొరికారు. విమానంలో ఉన్న కర్రపెండలం పిండి కొన్నాళ్లు తిన్నారు. తర్వాత అడవిలో తినదగిన పండ్లు, గింజలు ఏవో పెద్ద పిల్లకు తెలుసు. వాళ్లమ్మమ్మ నేర్పింది. వెతికే సైనికులు ఆ అమ్మమ్మ గొంతునే రికార్డు చేసి, హెలికాప్టర్ మైకులో వాళ్ల భాషలోనే వినిపించారట, కదలకుండా ఒక్కచోటే ఉండమని. చివరికి ఆ పిల్లల్ని కనిపెట్టింది కూడా సైనికులతో పాటు వెళ్లిన ఆదివాసీలే.

ఇది చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. "ఒక్కచోటే కూకోవాలి" అని మన చెల్లి మామ్మ చెప్పిన మాట, భూమికి అటువైపు ఉన్న ఇంకో మామ్మ కూడా చెప్పింది! ప్రపంచమంతా ఆ అమ్మమ్మను మెచ్చుకుంది. మన మామ్మలను ఎవరు మెచ్చుకుంటున్నారు? వాళ్లు మనల్ని చూడటానికి సంత రోజున వస్తే, మాసిన చీర చూసి ఎవరైనా నవ్వుతారేమోనని మనమే గేటు దగ్గర మాట్లాడి పంపేస్తున్నాం. నేనూ అలా చేశాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. మన పెరట్లో ఎంత వైద్యం ఉందో మనకే తెలియదు.

ఏటా ఆగస్టులో మన్యం వీరుల మీద వ్యాసరచన పోటీ పెడతారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర మొదలైనవారు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేశారని అందరం రాస్తాం. వాళ్లను పట్టుకోవడానికి మలబారు నుంచి, అస్సాం నుంచి పటాలాలు వచ్చినా పోరాటం దాదాపు రెండేళ్లు సాగిందని రాస్తాం. ఎలా సాగింది? దారులు, గెడ్డలు, గుహలు, దుంపలు తెలుసు కాబట్టి సాగింది. ఆ దొరల మనవరాళ్లం పావుగంటలో బడి దారి తప్పితే, మన వ్యాసాలకు ప్రైజులిచ్చి ఏమి లాభం?

దీనికి వ్యతిరేకంగా చెప్పే మాటలు కూడా నేను ఆలోచించాను. అవి కూడా రాయడం న్యాయం.

ఒకటి, "ఆడపిల్లలకు ఈ సాహసాలెందుకు?" అంటారు. పూర్ణ అక్క ఆడపిల్ల. కొలంబియాలో పసిబిడ్డను చంకన వేసుకొని నలభై రోజులు గడిపింది ఆడపిల్ల. మన కొండల్లో దుంపలకు, అడ్డాకులకు, చింతపండుకు, నీళ్లకు అడవిలోకి వెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లే. కట్టెలమోపు మోయడానికి ఆడపిల్ల కావాలి, అడవి చదువుకోవడానికి మాత్రం వద్దా?

రెండు, "పదో తరగతి ఫలితాలు ముఖ్యం, టైం ఎక్కడిది?" అంటారు. నెలకు ఒక్క ఆదివారం అడుగుతున్నాను. దానివల్ల ఎవరూ ఫెయిలవ్వరు. కొత్తగా చేరిన పిల్లలు సెలవులకు వెళ్లి తిరిగి రాకపోతే వాళ్ల చదువు అక్కడితో ఆగిపోతుంది. దాని గురించి ఆలోచించాలి.

మూడు, "అడవిలోకి పంపితే మొండిపిల్లలు దారికొస్తారు, గట్టిపడతారు" అని ఇంకో రకం వాళ్లు అంటారు. దీన్ని నేను ఒప్పుకోను. అమెరికాలో మాట విననివాళ్లని పేరు పెట్టి పిల్లలను బలవంతంగా అడవి క్యాంపులకు పంపే వ్యాపారం ఉంది. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినా రాష్ట్రంలో అలాంటి క్యాంపులో పన్నెండేళ్ల బాబు చేరిన మొదటి రాత్రే చనిపోయాడు. తర్వాత ప్రభుత్వం ఆ క్యాంపు లైసెన్సు రద్దు చేసింది. అడవిని శిక్షగా ఇస్తే నిబ్బరం రాదు, భయమే వస్తుంది. మన చెల్లికి నిబ్బరం వాళ్ల మామ్మ ఒడిలో, మామ్మ వెనక నడుస్తూ వచ్చింది. ఇష్టమైనవాళ్లే రావాలి. భయపడేవాళ్లను ఎవరూ వెక్కిరించకూడదు.

నాలుగు, "బయటి క్యాంపు వాళ్లు వచ్చి నేర్పారు కదా" అంటారు. అవును, రెండేళ్ల కిందట ఊరి పేరు, సంస్థ పేరు రాయనక్కరలేని ఒక క్యాంపుకు తీసుకెళ్లారు. టోపీలు ఇచ్చారు. తాడు మీద నడిపించారు, బాగుంది, నవ్వుకున్నాం. సీసా నీళ్లు తాగాం, బిస్కెట్లు తిన్నాం, ఫోటో దిగాం. మీలో ఎవరికైనా ఏ చెట్టు పేరైనా తెలుసా అని మాత్రం వాళ్లు అడగలేదు. మేమూ చెప్పలేదు. అడవి ఆటస్థలం లాగా కనిపించింది. తాడు నేర్పడం మంచిదే. కాని మనకు తాడు ఎందుకు కావాలి? రోడ్డు లేని ఊళ్లలో జబ్బు చేసినవాళ్లను, కాన్పుకు వెళ్లేవాళ్లను ఇప్పటికీ డోలీ కట్టి మోస్తున్నారు. జారిపోని ముడి ఎలా వేయాలి, దిగుడులో భుజం ఎలా మార్చాలి, నలుగురు అడుగు ఎలా కలపాలి అన్నది మనకు కావలసిన తాడు పాఠం. రోడ్లు తప్పకుండా రావాలి. వచ్చేదాకా మనిషి ప్రాణం ఆగదు కదా.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి. పెద్దవాళ్లు చెప్పేదంతా ఒప్పు అని నేను అనను. పాము కరిస్తే గట్టిగా కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు రాసి కూర్చోబెట్టడం మన ఊళ్లలో ఇంకా ఉంది. అది ప్రాణం తీస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే మందు ఆస్పత్రిలో ఉంటుంది. కరిచిన కాలో చెయ్యో కదపకుండా, మనిషిని నడిపించకుండా, మోసుకొని వేగంగా తీసుకెళ్లాలి. ఈ పాఠం ఏ.ఎన్.ఎం. సిస్టర్ చెప్పాలి. గెడ్డ పాఠం, దుంప పాఠం మామ్మలు చెప్పాలి. పిడుగు పాఠం సైన్సు మేడమ్ చెప్పాలి. ఎవరికి తెలిసింది వాళ్లు చెప్తేనే పాఠం పూర్తవుతుంది. మామ్మలు కూడా ఆ రోజు సిస్టర్ పాఠం వింటారు, అది ఇంకో లాభం. వేట మాత్రం ఇందులో వద్దు. 1972 చట్టం ప్రకారం అది నేరం. 2006 అటవీ హక్కుల చట్టం కూడా మనకు దుంపలు, ఆకులు, పండ్లు తెచ్చుకునే హక్కు ఇచ్చింది గాని వేటకు ఇవ్వలేదు.

ఊరికే కావాలి కావాలి అంటే సరిపోదు కాబట్టి, ఎలా చేయవచ్చో కూడా రాస్తున్నాను. పెద్దలు దిద్దవచ్చు.

నెలకు ఒక ఆదివారం, ఉదయం టిఫిన్ తర్వాత నుంచి మధ్యాహ్నం భోజనం వరకు. ఒక్కో జట్టుకు ఇరవై మంది. వెంట ఇద్దరు టీచర్లు, వంట అక్క, దగ్గరి ఊళ్ల నుంచి ఇద్దరు మామ్మలు. మామ్మలకు ఆ రోజు కూలీ, భోజనం ఇవ్వాలి, ఎందుకంటే వాళ్లూ ఆ రోజు గురువులే. అమ్మానాన్నల సంతకం ముందుగా తీసుకోవాలి. మందుల పెట్టె, ఈల, తాడు వెంట ఉండాలి. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు లెక్క పెట్టాలి. వానాకాలంలో గెడ్డ దాటే దారిలో అసలు వెళ్లకూడదు, ఇవతలి గట్టు మీద నిలబడి ఎర్రనీరు ఎలా వస్తుందో చూసి నేర్చుకోవాలి.

మొదటి నెల దారి గుర్తులు, తప్పిపోతే ఏమి చేయాలి. రెండో నెల నీళ్లు, ఊట ఎక్కడ ఉంటుంది, ఎలా వడకట్టి మరిగించాలి. మూడో నెల తినేవి, తినకూడనివి. తెలియని పుట్టగొడుగు ఎంత అందంగా ఉన్నా ముట్టకూడదు. నాలుగో నెల నిప్పు. ముట్టించడం సగం పాఠం, పూర్తిగా ఆర్పడం మిగతా సగం. ఐదో నెల పాముకాటు, దెబ్బలు. ఆరో నెల డోలీ. ప్రతి నెలా నేర్చుకున్నది ఇద్దరు పిల్లలు ఈ గోడపత్రికలో రాయాలి. మొక్క పేరు తెలుగులోను, మన ఇంటి భాషలోను రాయాలి. అలా ఏడాది అయ్యేసరికి మన దగ్గర ఒక చిన్న పుస్తకం తయారవుతుంది.

అన్నిటికంటే పెద్ద లాభం చివరికి దాచుకున్నాను. ఆరో తరగతిలో కొత్తగా వచ్చే చెల్లెళ్లకు ఇక్కడ ఏమీ తెలియదు. ఏ గంటకు ఏమి చేయాలో తెలియదు, ఇంగ్లీషు రాదు, కొందరికి తెలుగు కూడా సరిగా రాదు. ప్రతిదానికీ మనం నవ్వుతాం. వాళ్లకు బాగా వచ్చినది ఒక్కటే, అడవి. దాన్ని మనం గేటు బయటే వదిలి రమ్మంటున్నాం. అడవి పాఠం పెడితే ఆ ఒక్క రోజు వాళ్లు మనకు నేర్పుతారు. నెలకు ఒక్కసారైనా "నాకు వచ్చు" అని చేయి ఎత్తే పిల్ల, రాత్రి దుప్పటి కింద అంతగా ఏడవదని నా నమ్మకం. ఏడ్చినా ఊరుకుంటుంది.

కాబట్టి వార్డెన్ మేడమ్ గారికి నా విన్నపం ఏమిటంటే, వెనక గేటు తాళం తీసేయమని నేను అడగడం లేదు. తాళం ఉండనివ్వండి. తాళంచెవి మీ దగ్గరే ఉండనివ్వండి. నెలకు ఒక్క ఆదివారం మీ చేతులతోనే తీసి, మాతో పాటు మీరూ రండి. మొదటి పాఠం ఎవరు చెప్పాలో కూడా నేను అనుకున్నాను. నా మంచానికి మూడో మంచం చెల్లి చెప్పాలి. ఒప్పుకుంటావా అని నిన్న అడిగాను. "మామ్మ కూడా వస్తదా?" అని అడిగింది.

ఇది నా అభిప్రాయం మాత్రమే. తప్పులు ఉంటే పెద్దలు మన్నించాలి. ఒప్పుకోనివాళ్లు వచ్చే సంచికలో తప్పకుండా రాయండి. ఒప్పుకున్నవాళ్లు ఈ కాగితం కింద పెన్సిల్‌తో సంతకం పెట్టండి. దయచేసి గోడ మీద పెట్టకండి, సున్నం కొత్తగా వేశారు.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి, 2వ డార్మిటరీ